వర్క్, జాబ్, అక్యుపేషన్, ప్రొఫెషన్: ఫారంలో ఏ గడికి ఏ తెలుగు మాట?

#1 తెల్లకాగితం

ఇంటింటి సర్వే ఫారం ఒకటి తెలుగు చేయాలి. ఇంగ్లీషు ప్రతిలో వరసగా ఐదు గడులు: వర్క్ స్టేటస్, అక్యుపేషన్, ప్రొఫెషన్, నేచర్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్, జాబ్ టైటిల్. చిత్తుప్రతిలో మూడుచోట్ల ‘వృత్తి’, రెండుచోట్ల ‘ఉద్యోగం’ అని ఉంది. ఇది చదివి ఎవరైనా ఐదు గడుల్లోనూ ‘కూలి’ అని రాస్తే తప్పు వాళ్లది కాదు. నిఘంటువు తిప్పితే ఒక్కో మాటకి మిగతా నాలుగూ అర్థాలుగా కనిపిస్తున్నాయి. వీటి మధ్య తేడా ఎక్కడుంది? దేనికి ఏం పెట్టాలి?

ఇంకో చిన్న సందేహం. సూచనల్లో ‘ఇఫ్ యు హ్యావ్ ఎ వర్క్’ అని ఉంది. అది సరైనదేనా?

#2 పదనిస

చిన్నదాంతో మొదలుపెడదాం. సరికాదు. వర్క్ లెక్కకి రాదు, జాబ్ వస్తుంది. నీళ్లకీ బిందెలకీ ఉన్న తేడా అది. ‘సమ్ వర్క్’, ‘ఎ లాట్ ఆఫ్ వర్క్’ అనాలి. ఒకటి, రెండు అని చెప్పాలంటే ‘ఎ జాబ్’, ‘ఎ టాస్క్’, ‘ఎ పీస్ ఆఫ్ వర్క్’. మనం ‘ఒక పనుంది’ అంటాం కదా, ఆ ‘ఒక’ ఇంగ్లీషులోకి కూడా వెంట వచ్చేస్తుంది. ‘హోమ్‌వర్క్స్’ అనే తప్పు కూడా ఇక్కడిదే.

‘ఎ వర్క్’ అంటే ఒక కళాఖండమో, గ్రంథమో. ‘వర్క్స్’ అంటే దారి మళ్లీ మారుతుంది. కవి వర్క్స్ ఆయన రచనలు, స్టీల్ వర్క్స్ కర్మాగారం, పబ్లిక్ వర్క్స్ రోడ్లూ వంతెనలూ కాలవలూ. పి.డబ్ల్యు.డి.లో డబ్ల్యు అదే.

జాబ్‌కి మొదట్లో ఇంత గౌరవం లేదు. 16వ శతాబ్దంలో ‘జాబ్ ఆఫ్ వర్క్’ అంటే పనిలో ఒక ముక్క. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా దాన్ని చిల్లర పనిగానే చూసింది. నెల తిరిగేసరికి జీతమొచ్చే కొలువు అన్న అర్థం ఆ తర్వాత పట్టుకుంది. పాత అర్థం మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఇప్పటికీ బతికే ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అక్కడ ‘జాబ్ వర్క్’.

#3 పద్దులపెట్టె

జాబ్ వర్క్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2017 నాటి జీఎస్టీ చట్టంలో దానికి కచ్చితమైన అర్థం ఉంది: రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకొకరి సరుకు మీద చేసిపెట్టే పని. గుడ్డ ఒకరిది, అద్దకం ఇంకొకరిది. సరుకు సొంతదారు మారడు, పనివాడు తీసుకునేది అద్దకం మజూరీ. పంపిన ముడిసరుకు ఏడాదిలోపు, యంత్రాలైతే మూడేళ్లలోపు తిరిగి రావాలి. రాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తారు. అచ్చులు, డైలు, జిగ్గులు, చేతి పనిముట్లకి ఆ గడువు లేదు. ఇలాంటి చోట ‘ఉద్యోగం’ అని తెలుగు చేస్తే చదివేవాడికి తలా తోకా తెలియదు. ‘జాబ్ వర్క్’ అనే ఉంచేయడం మేలు.

#4 గణాంకి

తెల్లకాగితం గారూ, ఫారం సంగతికి వస్తే ఈ మాటల్ని మెట్లుగా చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణ 2008 నాటిది. మన జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 దాని మీదే కట్టింది. రెంటిలోనూ క్రమం ఇదే: టాస్క్, జాబ్, అక్యుపేషన్.

టాస్క్ అంటే ఒక్క పని. జాబ్ అంటే ఒక మనిషి ఒకచోట చేసే టాస్కుల మూట. ఒకేలాంటి మూటలన్నీ కలిస్తే అక్యుపేషన్. బండి మెకానిక్ షెడ్డు తీసుకోండి. ఆయిలు మార్చడం టాస్క్. ఫలానా షెడ్డులో ఫలానా కుర్రాడు పొద్దుటినుంచి రాత్రిదాకా చేసేదంతా కలిపి అతని జాబ్. ఇలాంటి కుర్రాళ్లందరినీ పెట్టే అర మోటారు వాహనాల మెకానిక్కులు, కోడ్ 7231. సైకిళ్లు బాగుచేసేవాళ్ల అర వేరు, 7234. అంతర్జాతీయ కోడ్ నాలుగు అంకెలతో ఆగుతుంది. మనది ఇంకా చీల్చి ఎనిమిది దాకా వెళ్తుంది.

తరచూ జరిగే తప్పు ఒకటుంది. ‘ఏం పని?’ అని అడిగితే ‘ఆర్టీసీ’ అంటారు. అది పని కాదు, పని ఇచ్చిన సంస్థ. డ్రైవరైతే 8331. అదే సంస్థలో గుమస్తా వేరు, మెకానిక్ వేరు. ‘ఆసుపత్రి’ అని రాస్తే డాక్టరా, ఊడ్చే మనిషా తేలదు. ‘ప్రైవేటు’, ‘గవర్నమెంటు’, ‘బిజినెస్’ అన్న జవాబులకి అసలు కోడే ఇవ్వలేం. ‘కూలి’ అయితే మరీ ఘోరం. తాపీ మేస్త్రి 7112 అరలో, అతనికి ఇటుకలందించే మనిషి 9313లో. ఒకటి చేతి విద్య, రెండోది ఒంటి కష్టం. రెండింటికీ ‘భవన నిర్మాణ కూలి’ అని రాసేస్తే నైపుణ్యం లెక్క అక్కడే పోయింది.

అందుకే ఒకే గడి పెట్టకండి. రెండు ప్రశ్నలు అడగండి: ‘మీరు చేతులారా చేసే పని ఏమిటి?’, ‘మీరు పనిచేసే చోట ఏం తయారవుతుంది, లేదా ఏ సేవ అందుతుంది?’ మొదటిది అక్యుపేషన్, రెండోది ఇండస్ట్రీ.

జాబ్ టైటిల్ని నమ్మి కోడ్ వేయకండి. బట్టల కొట్లో చీరలు పరిచి చూపించే అమ్మాయి బ్యాడ్జీ మీద ‘సేల్స్ ఎగ్జిక్యూటివ్’ అని ఉంటుంది.

#5 హన్మకొండ చౌరస్తా

చిత్తుప్రతిల ‘జీతం వచ్చే పని’ అనే మాట ఎక్కడన్న ఉంటే తీసేయున్రి. మా దిక్కు పల్లెలల్ల ‘జీతం ఉన్నడు’ అంటే ఆఫీసు నౌకరి కాదు, పటేలు ఇంట్ల ఏడాది లెక్కన పశువులు, పొలం చూసుకునే జీతగాడు. కోస్తల పాలేరు అంటరు చూడున్రి, గదే. ‘జీతం ఉంటున్నరా?’ అని ఇంటి పెద్దమనిషిని అడిగితె మర్యాద పోయినట్టే. ఆఫీసు పనికి నౌకరి, కొలువు అంటరు. ‘సర్కారు నౌకరి’ అంటె ఎవ్వరికైనా తెలుస్తది. రెండు రాష్ట్రాలల్ల తిరిగే ఫారమైతె ‘నెలనెలా జీతం’ అని ‘నెలనెలా’ తప్పకుంట రాయున్రి.

#6 తెల్లకాగితం

చిత్తుప్రతిలో సరిగ్గా ‘జీతం పని చేసేవారు’ అనే ఉంది. మార్చాను. మరి ప్రొఫెషన్‌కీ అక్యుపేషన్‌కీ రెండు గడులు ఎందుకు? ఒకటి తీసేయొచ్చా?

#7 పద్దులపెట్టె

సర్వేలో తీసేయొచ్చు. చట్టంలో మాత్రం ఒకటి కాదు. బతుకుతెరువు ఎంచుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ప్రొఫెషన్, అక్యుపేషన్, ట్రేడ్, బిజినెస్ అని నాలుగు మాటలు వరసగా వాడింది. ఢిల్లీ పేవ్‌మెంట్ల మీద అమ్ముకునేవాళ్ల సోదన్ సింగ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు వీటిని విడదీసింది. క్లుప్తంగా చెప్పాలంటే, ప్రత్యేకమైన చదువో శిక్షణో నైపుణ్యమో ఉండి చేసేది ప్రొఫెషన్. మనిషి క్రమం తప్పకుండా చేసే ఏ పనైనా అక్యుపేషన్. కొనడం, అమ్మడం ట్రేడ్. లాభం కోసం కాలాన్నీ శ్రమనీ పెట్టేదల్లా బిజినెస్. నాలుగూ ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. ఏ బతుకుతెరువూ సందులోంచి జారిపోకూడదనే అన్ని మాటలు.

పన్నుకి వస్తే గీతలు గట్టిపడతాయి. ఆదాయపన్ను చట్టం ప్రకారం ప్రొఫెషన్‌లో వొకేషన్ కలిసిపోతుంది, బిజినెస్‌లో ట్రేడ్ కలిసిపోతుంది. డాక్టరు ఆసుపత్రిలో నెలజీతానికి ఉంటే ఆ డబ్బు ‘శాలరీస్’ పద్దు. అదే డాక్టరు సాయంత్రం సొంత క్లినిక్కులో తీసుకునే ఫీజు ‘బిజినెస్ ఆర్ ప్రొఫెషన్’ పద్దు. చదువూ మనిషీ ఒకటే, డబ్బు వచ్చిన దారి వేరు.

జీతం చీటీలో ‘ప్రొఫెషనల్ ట్యాక్స్’ అని చూసే ఉంటారు. చట్టంలో మాట అది కాదు. రాజ్యాంగం 276వ అధికరణంలోనూ, 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టంలోనూ ఉన్నది ‘ట్యాక్స్ ఆన్ ప్రొఫెషన్స్, ట్రేడ్స్, కాలింగ్స్ అండ్ ఎంప్లాయ్‌మెంట్స్’. గుమస్తా ప్రొఫెషనల్ కాడు కదా, నాకెందుకు కోశారు అని అడిగితే జవాబు ఆ చివరి మాటలో ఉంది. ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదన్న పరిమితి కూడా 276లోదే. తెలుగులో ‘వృత్తి పన్ను’ అని నాలుగింటినీ ఒక్క మాటలో కట్టేశాం. మీ చిత్తుప్రతి గందరగోళానికి సగం కారణం అదే. ‘వృత్తి’ ఎక్కడ పడితే అక్కడ సరిపోతుంది.

#8 పదనిస

మూలాలు చూస్తే ప్రొఫెషన్‌లో ‘బహిరంగంగా ప్రకటించడం’ ఉంది. మొదట మఠంలో చేరేవాళ్ల ప్రమాణం. తర్వాత మతం, న్యాయం, వైద్యం అనే మూడు చదువులకి అంటుకుంది. అందుకే నేటికీ ప్రొఫెషన్ అంటే చదువు, ప్రవేశానికి పరీక్ష, తప్పుచేస్తే పట్టా లాక్కునే మండలి, ఈ మూడూ మనసులో మెదులుతాయి. వకీళ్లకున్న బార్ కౌన్సిల్ లాంటిది లేని పనిని ప్రొఫెషన్ అంటే అది గౌరవానికి అన్న మాట.

వొకేషన్‌ది పిలుపు. దేవుడు పిలిచాడనో మనసు లాగిందనో చేసే పని. బోధన, నర్సింగ్ లాంటివాటిని వొకేషన్ అంటే పొగడ్త. చిత్రమేమిటంటే విశేషణం దగ్గరికి వచ్చేసరికి మెట్టు దిగిపోయింది. ఇంటర్‌లో ‘ఒకేషనల్’ అంటే చేతిపని కోర్సు. నామవాచకం గుడిలో, విశేషణం షెడ్డులో.

ఇంకో చిక్కు అవొకేషన్. అసలు అర్థం ప్రధాన పని నుంచి పక్కకి లాగేది, అంటే వ్యాపకం. మనదేశపు కోర్టు కాగితాల్లో మాత్రం వొకేషన్ రాయాల్సిన చోట అవొకేషన్ రాయడం మామూలే. ప్రమాద పరిహారం పిటిషన్‌లో ‘అవొకేషన్: కూలీ’ అని కనిపిస్తే సరదాకి కూలికెళ్లేవాడని కాదు! మనకి ఈ జంటకి సరిపోయే మాటలు ఉన్నాయి: వృత్తి, ప్రవృత్తి. వృత్తి రీత్యా లెక్చరరు, ప్రవృత్తి రీత్యా చిత్రకారుడు. ఇంగ్లీషులో రాసేటప్పుడే తడబడతాం.

ట్రేడ్ గురించి ఒక్క ముక్క. ఐటీఐలో ‘ఏ ట్రేడ్?’ అంటే వ్యాపారం కాదు. ఫిట్టరా, టర్నరా, ఎలక్ట్రీషియనా అని. అక్కడ ‘వర్తకం’ అని తెలుగు చేయకండి.

#9 ఎర్రసిరా

అందరూ నిఘంటువు కోణంలోనే మాట్లాడుతున్నారు. మాట మారితే హక్కు మారే చోటు ఒకటుంది, డబ్బుకి పెట్టే పేరు. వేజ్ అయితే కూలి, శాలరీ అయితే జీతం, ఫీ అయితే రుసుము, స్టైపెండ్ అయితే శిక్షణ భృతి, హానరేరియం అయితే గౌరవ వేతనం. వినడానికి గౌరవ వేతనమే పెద్దది. చేతికి వచ్చేది చిన్నది. పైగా అది తీసుకునే మనిషిని ఉద్యోగి అనరు, కార్యకర్త అంటారు, వాలంటీర్ అంటారు.

2005లో మొదలైన ఆశా పథకాన్ని చూడండి. ఆశా అనే ఇంగ్లీషు పొట్టిపేరులో చివరి ‘ఎ’ యాక్టివిస్ట్. వర్కర్ కాదు. అంగన్‌వాడీల విషయంలో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ముసుగు తీసింది. మీరు దాన్ని హానరేరియం అన్నా 1972 గ్రాట్యుటీ చట్టం కింద అది వేజే, కార్యకర్తలకీ సహాయకులకీ గ్రాట్యుటీ వర్తిస్తుంది అంది. మాటల అర్థం మీద నడిచిన కేసు అది.

ఇలాంటిదే ఇంకోటి. ‘కాంట్రాక్ట్ ఆఫ్ సర్వీస్’ అంటే ఉద్యోగం. ‘కాంట్రాక్ట్ ఫర్ సర్వీసెస్’ అంటే పని గుత్తకి తీసుకోవడం. ఆఫ్ తీసి ఫర్ పెడితే పీఎఫ్ నుంచి సెలవు దాకా అన్నీ ఎగిరిపోతాయి. కాగితం మీద మాట ఎలా ఉన్నా కోర్టులు చూసేవి వేరు: పని ఎలా చేయాలో చెప్పేది ఎవరు, పనిముట్లు ఎవరివి, తన బదులు ఇంకొకరిని పంపే వీలుందా, నష్టం వస్తే ఎవరిది. బ్రిటన్‌లో ఉబర్ డ్రైవర్ల మీద 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఈ దారిలోనే వెళ్లి, వాళ్లు సొంత వ్యాపారులు కారు, ‘వర్కర్లు’ అంది. అక్కడ ఎంప్లాయీకీ సొంత వ్యాపారికీ మధ్య ‘వర్కర్’ ఒక ప్రత్యేకమైన మెట్టు, కనీస వేతనం, జీతంతో సెలవు ఉన్న మెట్టు. మన తెలుగు పత్రికలు ‘కార్మికులే’ అని రాస్తే ఆ మధ్య మెట్టు కనబడదు.

మీ ఫారంలో జీతమా, గౌరవ వేతనమా అని విడిగా అడగకండి. ‘డబ్బు ఎవరిస్తారు? ఎంతకాలానికి ఒకసారి? దేని లెక్కన: రోజా, నెలా, ముక్కా?’ ఇవి అడిగితే చాలు.

#10 హన్మకొండ చౌరస్తా

ముక్క లెక్క అంటె గుత్త. దినకూలి వేరు, గుత్త వేరు. నాటుకు ఎకరానికి ఇంత అని గుంపుకు గుత్తకిస్తె పని జల్ది అయితది, మొక్కలు పలుచబడ్తయి. గా తేడా ఇంగ్లీషుల టైమ్ వర్క్, పీస్ వర్క్. ఫారంల ‘కూలి’ ఒక్క మాట పెట్టి రెండిట్ని కలుపుతరు.

#11 సీనియర్ అసిస్టెంట్

సర్కారీ మాటలు కూడా ఒకచోట పెడదాం. పోస్టు అంటే మంజూరైన కుర్చీ. వేకెన్సీ అంటే మనిషి లేని కుర్చీ. డిజిగ్నేషన్ కుర్చీకి రాసిన పేరు. జాబ్ అందులో కూర్చున్నవాడికి దక్కింది. మనిషి రిటైరైతే పోస్టు పోదు, వేకెన్సీ పుడుతుంది. పోస్టునే రద్దు చేస్తే వేకెన్సీ కూడా ఉండదు. నోటిఫికేషన్‌లో ‘పోస్టుల సంఖ్య’కీ ‘ఖాళీల సంఖ్య’కీ తేడా అదే, రెండూ కలిపి రాయకూడదు. ఔట్‌సోర్సింగ్‌లో పని ఉంటుంది, మనిషి ఉంటాడు, అతని పేర పోస్టు ఉండదు.

పాత రికార్డుల్లో ‘వర్క్ ఛార్జ్‌డ్’ అని వస్తుంది. పనికి ఛార్జి తీసుకునేవాడు అనుకునేరు. జీతం శాఖ సిబ్బంది పద్దులోంచి కాక ఆ కాలవో, వంతెనో దాని అంచనా ఖర్చులోంచి పడేవాడని అర్థం. #2లో చెప్పిన ‘వర్క్స్’ ఇదే. ఎన్.ఎం.ఆర్. అంటే నామినల్ మస్టర్ రోల్, రోజు లెక్కన హాజరు పట్టీ మీద ఉన్నవాడు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద ‘జాబ్ కార్డు’ కుటుంబానికి ఇచ్చినది. దాని అర్థం జాబ్ ఉందని కాదు, పని అడగొచ్చని. అది చూసి ‘ఉద్యోగం: ఉంది’ అని నింపకండి. ఊళ్లో ఆ పనిని ‘కరువు పని’, ‘ఉపాధి పని’ అంటారు, ఫారంలో కూడా ఆ మాటే పెడితే అర్థమవుతుంది.

#12 పదనిస

మిగిలిన చిల్లర: టాస్క్, ట్యాక్స్ ఒకే వేరు నుంచి వచ్చినవి, పైవాడు విధించేది. చోర్ అంటే అంట్లు, ఊడ్పు లాంటి రోజువారీ ఇంటి పని. డ్రడ్జరీకి మన ‘గొడ్డు చాకిరీ’ని మించిన అనువాదం లేదు. లేబర్ కష్టపడే పని, పురుటి నొప్పులు కూడా. ఆసుపత్రిలో లేబర్ రూము కూలీల విశ్రాంతి గది కాదు. కెరీర్ మొదట గుర్రప్పందేల బాట, అందుకే దానికి ముందుకు సాగడం అన్న రుచి ఉంది. ఇరవై ఏళ్లు ఒకే కుర్చీలో ఉన్నవాడికి జాబ్ ఉంది, కెరీర్ ఉందా అన్నది వాదన.

వర్క్ పక్కన విభక్తులు: సంస్థ కోసం ‘ఫర్’, చోటుకి ‘ఎట్’, రంగానికి ‘ఇన్’, చేతిలోని పనికి ‘ఆన్’, హోదాకి ‘యాజ్’. ‘వర్క్స్ యాజ్ ఎ క్లర్క్’ అంటే గుమస్తా. యాజ్ తీసి లైక్ పెడితే గుమస్తా కాదుగానీ గుమస్తాలా పనిచేస్తున్నాడని! ‘డూయింగ్ జాబ్’ మన ‘జాబ్ చేస్తున్నా’ నుంచి పుట్టింది. ఇంగ్లీషులో ‘ఐ వర్క్’ చాలు.

#13 ఎర్రసిరా

‘ఉద్యోగం’ మాత్రం తక్కువ తిందా? సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగ పర్వం పాండవులకి కొలువు దొరికిన కథ కాదు, యుద్ధ సన్నాహం. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్నప్పుడు కూడా మొదటి అర్థం పూనికే.

#14 తెల్లకాగితం

అందరికీ నెనర్లు. మార్చిన గడులు ఇవి, చూడండి.

వర్క్ స్టేటస్: ‘మీరు ఏదైనా పని చేస్తున్నారా? (డబ్బు రాకపోయినా సొంత పొలంలో, ఇంటి కొట్టులో చేసే పని కూడా లెక్కే)’. అక్యుపేషన్: ‘మీరు చేతులారా చేసే పని’. ప్రొఫెషన్ గడి తీసేశాను. దాని చోట ‘మీరు పనిచేసే చోట ఏం తయారవుతుంది, లేదా ఏ సేవ అందుతుంది?’. నేచర్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్: సొంతంగా, మనుషుల్ని పెట్టుకుని సొంతంగా, ఇంటివాళ్ల పనిలో కూలి లేకుండా, నెలనెలా జీతానికి, రోజుకూలికి, గుత్తకి. జాబ్ టైటిల్: ‘హోదా పేరు (ఉంటేనే)’.

#15 గణాంకి

బాగుంది. రెండు సవరణలు. వంట, పిల్లల పెంపకం పనే, కాదనను. కార్మిక సంస్థ 2013 తీర్మానం కూడా వాటిని వర్క్ అంటుంది, ఎంప్లాయ్‌మెంట్ అనదు. మీ సర్వే ఏది లెక్కిస్తోందో బ్రాకెట్‌లో చెప్పకపోతే ఒక ఊళ్లో ఇల్లాళ్లంతా పనివాళ్లు, పక్క ఊళ్లో ఎవరూ కాదు అని వస్తుంది.

రెండోది కాలం. ‘చేస్తున్నారా’ అంటే ఎప్పుడు? వరి కోతల్లో అడిగితే ఊరంతా కూలికెళ్తున్నట్టు, మే నెలలో అడిగితే ఊరంతా ఖాళీ. 2011 జనగణన ఏడాదిని తీసుకుని ఆరు నెలల దగ్గర గీత గీసింది: ఆరు నెలలు, ఆపైన చేస్తే ప్రధాన పనివారు, తగ్గితే ఉపాంత పనివారు.

#16 తెల్లకాగితం

చేర్చాను: ‘నిన్నటి నుంచి వెనక్కి 365 రోజుల్లో ఎక్కువ రోజులు చేసిన పని’.

#17 హన్మకొండ చౌరస్తా

‘నిన్నటి’ అంటె ఏ నిన్న? ఫారం మీద తేదీ గడి ఉన్నదా?